సికందర్ సాహెబ్: పసుపు అంగీల రౌతు కథ

రౌతు కొద్దీ గుర్రం అని మన పెద్దలు అంటుంటారు. గుర్రం ఎలా నడుస్తుందన్నది దాని మీద కూర్చున్నవాడిని బట్టి ఉంటుందని దాని భావం. ఈ రౌతు అనే మాట మన ఇంట్లోనే కాదు, మనం ఉంటున్న ఊళ్ళన్నిటిలోనూ ఉంది. తమిళనాడులో రావుత్తర్లు ఉన్నారు. మహారాష్ట్రలో రావుత్ ఇంటిపేరు వాడవాడలా వినిపిస్తుంది. ఒడిశాలో రౌత్, రౌత్రాయ్ అనే ఇంటిపేర్లు మన ఇరుగుపొరుగు వాళ్ళవే. కన్నడంలో రావుత అంటే గుర్రపు సిపాయి. ఈ మాటలన్నిటికీ మూలం రాజపుత్ర అనే సంస్కృత పదమని భాషావేత్తలు చెబుతారు.

ఈసారి ఒక రౌతు గురించి చెప్పుకుందాం. ఆయన తెలుగువాడు కాదు. తల్లి రాజపుత్ర స్త్రీ, తండ్రి స్కాట్లాండ్ నుంచి వచ్చిన సైనికాధికారి. పేరు జేమ్స్ స్కిన్నర్. ఉత్తరాది సిపాయిల నోట స్కిన్నర్ అనే మాట సికందర్‌గా మారి, ఆయన జీవితాంతం సికందర్ సాహెబ్‌గానే ఉండిపోయాడు. సికందర్ అనగానే మనకు సికిందరాబాద్ గుర్తొస్తుంది గానీ దానికీ ఈయనకూ సంబంధం లేదు. ఆ ఊరికి 1806లో మూడో నిజాము సికందర్ జా పేరు పెట్టారు.

తెలుగువాడు కాని మనిషి కథ మన పేజీల్లో ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కారణాలు రెండున్నాయి. మొదటిది, ఆయన పోరాడిన ఒక యుద్ధానికి దారితీసిన సంఘటన మన గుంటూరు గడ్డ మీద జరిగింది. రెండోది, మనలాంటి కుటుంబాలను తరతరాలుగా వెంటాడే ప్రశ్న ఆయన్ను కూడా పుట్టుక నుంచి చావు దాకా వెంటాడింది. నువ్వు ఎవరివాడివి అన్నదే ఆ ప్రశ్న.

కలకత్తా ఇల్లు

జేమ్స్ స్కిన్నర్ 1778లో కలకత్తాలో పుట్టాడు. తండ్రి హెర్క్యులీజ్ స్కిన్నర్ ఈస్టిండియా కంపెనీ సైన్యంలో అధికారి. తల్లి కాశీ ప్రాంతపు రాజపుత్ర జమీందారు కూతురు. యుద్ధంలో చిన్న వయసులోనే బందీగా చిక్కి, ఆ అధికారి ఇంటికి చేరింది. వాళ్ళకు ముగ్గురు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు.

ఆ ఇంట్లో రెండు లోకాలు కలిసి కాపురం చేశాయి. తండ్రి లోకంలో ఆడపిల్లలు బడికి వెళ్ళి చదువుకోవాలి. తల్లి లోకంలో రాజపుత్రుల ఆడపిల్ల పరదా దాటి బయటికి వెళ్ళడం అంటే వంశం పరువు పోవడమే. 1790లో తండ్రి కూతుళ్ళను బడికి పంపాలని పట్టుబట్టాడు. తల్లి దాన్ని భరించలేక ప్రాణాలు తీసుకుంది. అప్పటికి జేమ్స్‌కు పన్నెండేళ్ళు. తరువాత ఆయన తన జీవితాన్ని పారసీకంలో రాసుకున్నప్పుడు ఈ విషయం దాచలేదు. తల్లిని కించపరచలేదు, తండ్రి మీద తీర్పు చెప్పలేదు.

తల్లి పోయాక జేమ్స్‌నూ తమ్ముడు రాబర్ట్‌నూ మొదట ఉచితంగా చదువు చెప్పే బడిలో, తరువాత వసతి ఉన్న బడిలో చేర్చారు. చదువయ్యాక తండ్రి జేమ్స్‌ను కలకత్తాలో ఒక అచ్చాఫీసులో ఏడేళ్ళ ఒప్పందం మీద పనికి పెట్టాడు. కుర్రవాడు మూడు రోజులు కూడా నిలవలేదు. మూడో రాత్రి గోడ దూకి పారిపోయాడు. జేబులో నాలుగణాలున్నాయి. అవి అయిపోయాక బజారులో మూటలు మోశాడు. ఒక వడ్రంగి దగ్గర రోజుకూలికి బరమా తాడు లాగాడు. చివరికి అక్క ఇంటి నౌకరు ఒకడు గుర్తుపట్టి తీసుకెళ్ళాడు. బావ తన దగ్గరే కోర్టు కాగితాలకు నకళ్ళు రాసే పనిలో కూర్చోబెట్టాడు.

ఆ కుర్రవాడి మనసు మాత్రం గుర్రం మీదే ఉంది. తండ్రిలాగే సైన్యంలో చేరాలనుకున్నాడు. అయితే ఆ తలుపు అప్పటికే మూసుకుపోయింది.

పుట్టుకకు పడిన తాళం

కంపెనీ తొలి రోజుల్లో తెల్ల అధికారులకూ ఇక్కడి స్త్రీలకూ పుట్టిన పిల్లలు సైన్యంలోనూ కచేరీల్లోనూ కొలువులు చేసేవాళ్ళు. కార్న్‌వాలిస్ కాలంలో ఆ పరిస్థితి మారింది. 1791లో తల్లిదండ్రుల్లో ఒకరు భారతీయులైనవాళ్ళకు కంపెనీ కొలువుల్లో చోటు లేదన్నారు. 1795లో ఇంకా బిగించి, తల్లిదండ్రులిద్దరూ ఐరోపావారు కానివాళ్ళు సైన్యంలో బాజాలు వాయించడానికీ గుర్రాలకు నాడాలు కొట్టడానికీ తప్ప పనికిరారని తేల్చారు.

తండ్రి పనిచేసిన సైన్యంలోనే కొడుకు డప్పు కొట్టడానికి మాత్రం అర్హుడయ్యాడు. చదువు, బలం, భాష అన్నీ ఉన్నా లాభం లేకపోయింది. అడ్డుపడింది అతను చేసిన పని కాదు, తల్లి కడుపు.

ఆ సమయంలో కర్నల్ బర్న్ అనే కుటుంబ స్నేహితుడు దారి చూపాడు. కుర్రవాడి చేతిలో కాస్త డబ్బూ ఒక సిఫారసు ఉత్తరమూ పెట్టి ఉత్తరానికి పంపాడు. ఆ ఉత్తరం ఫ్రాన్సు వైపు నుంచి వచ్చిన డి బాయిన్ అనే సేనాపతికి. గ్వాలియర్ సింధియాల కోసం ఐరోపా పద్ధతిలో కవాతు చేసే పటాలాలను తయారుచేసినవాడు ఆయనే. ఆ విధంగా 1795 ప్రాంతంలో, పదిహేడేళ్ళ వయసులో, జేమ్స్ స్కిన్నర్ మరాఠాల కొలువులో చిన్న అధికారి అయ్యాడు. జీతం నెలకు నూట యాభై రూపాయలు. కన్నవాళ్ళ కంపెనీ కాదన్నవాడికి మరాఠా సర్దారు అన్నం పెట్టాడు.

ఉనియారా మైదానం

డి బాయిన్ తరువాత పెరాన్ అనే ఫ్రెంచివాడు సింధియా సేనలకు పెద్ద అయ్యాడు. స్కిన్నర్ అతని కింద ఏడెనిమిదేళ్ళు పనిచేశాడు. 1800లో జైపూర్ సేనతో మాల్పురా దగ్గర జరిగిన పెద్ద యుద్ధంలో పోరాడాడు. ఆ రోజు పారిపోయిన జైపూర్ రాజు డేరాలోకి మొదట అడుగుపెట్టినవాళ్ళలో ఒకడు. అక్కడ దొరికిన వస్తువుల్లో చామరాలు కట్టిన ఇత్తడి చేప ఒకటుంది. అది మొగలు పాదుషాలు పెద్ద సర్దారులకు ఇచ్చే మాహీ మరాతిబ్ అనే గౌరవ చిహ్నం. కుర్రవాడికి ఆ సంగతి తెలియదు. ఏదో వింత వస్తువనుకుని తీసుకెళ్ళి పైఅధికారికి ఇచ్చేశాడు.

అదే 1800లో జరిగిన ఇంకో పోరు ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. రాజస్థాన్‌లో కరౌలీ రాజుకూ ఉనియారా రాజుకూ తగాదా వచ్చింది. సింధియా తరఫున స్కిన్నర్ పటాలాన్ని కరౌలీ రాజుకు సాయంగా పంపారు. తీరా యుద్ధం మొదలయ్యేసరికి కరౌలీ సేన జారుకుంది. స్కిన్నర్ పటాలం ఒంటరిగా చిక్కి, చుట్టూ ముట్టడించిన శత్రువుతో గంటల తరబడి పోరాడింది. చివరికి స్కిన్నర్‌కు గజ్జల దగ్గర తుపాకీ గుండు తగిలి కింద పడ్డాడు. మెలకువ వచ్చేసరికి పటాలం లేదు. చుట్టూ శవాలు, మూలుగుతున్న మనుషులు. దోపిడిగాళ్ళు వచ్చి ఒంటి మీది బట్టలు కూడా దోచుకుపోయారు.

ఆ రాత్రి, మర్నాడు పగలు, మళ్ళీ ఇంకో రాత్రి. ఎండకు దాహం, చీకటి పడితే చలి, దగ్గర్లో నక్కల అరుపులు. లేచి నడవలేడు. పక్కనే కాలు తెగిన రాజపుత్ర అధికారి ఒకడున్నాడు. ఆ రాత్రి స్కిన్నర్ మొక్కుకున్నాడు. బతికి బయటపడితే దేవుడికి గుడి కడతానని.

తెల్లవారాక ఒక ముసలాయన, ఒక స్త్రీ ఆ మైదానంలోకి వచ్చారు. చేతుల్లో రొట్టెల గంప, నీళ్ళ కుండ. గాయపడిన ప్రతివాడికీ ఒక రొట్టె ముక్క, గుక్కెడు నీళ్ళు ఇస్తూ వచ్చారు. ఆమె చర్మకారుల వాడ మనిషి. ఆ కాలపు కట్టుబాటులో ఆమె చేతి నీళ్ళు పై కులాలవాళ్ళు తాగరు. స్కిన్నర్ తాగాడు. పక్కనున్న రాజపుత్రుడు కాదన్నాడు. ఎలాగూ కొన్ని గంటల్లో పోయే ప్రాణం కోసం పుట్టినప్పటి నుంచి కాపాడుకున్న ఆచారం ఎందుకు వదలాలన్నది అతని లెక్క.

ఈ దృశ్యం దగ్గర మేము చాలాసేపు ఆగాం. ఒకే మైదానంలో ఒకే దాహంతో ఇద్దరు పడి ఉన్నారు. ఇద్దరిదీ రాజపుత్ర రక్తమే. ఒకడికి తన కులం ఖాయంగా తెలుసు, దాన్ని పట్టుకుని చావడానికి సిద్ధపడ్డాడు. రెండోవాడిని ఏ కులమూ తనవాడని పూర్తిగా ఒప్పుకోలేదు. అతను తాగి బతికాడు.

తరువాత ఉనియారా రాజు మనుషులు వచ్చి గాయపడినవాళ్ళను మోసుకెళ్ళారు. శత్రువే అయినా రాజు వైద్యం చేయించి, కోలుకున్నాక మర్యాదగా విడిచిపెట్టాడు. స్కిన్నర్ తన మకాం చేరాక చేసిన పనుల్లో ఒకటి, ఆ స్త్రీకి వెయ్యి రూపాయలు పంపడం. ఆమెను తల్లిగా భావిస్తున్నానని కూడా కబురు చేశాడు. నెలకు నూట యాభై రూపాయల జీతంతో మొదలుపెట్టినవాడు వెయ్యి రూపాయలు పంపాడంటే ఆ రోజుల్లో అది ఎంత మొత్తమో పాఠకులు ఊహించుకోవచ్చు.

1803: గుర్రం మారిన ఏడాది

1801లో స్కిన్నర్ జార్జ్ థామస్ అనే ఐర్లాండువాడి మీద పోరాడాడు. ఆ థామస్ ఓడ నుంచి దిగి మద్రాసు వైపు తిరిగిన నావికుడు. క్రమంగా ఉత్తరాదికి వెళ్ళి, హర్యానాలో హాన్సీ కేంద్రంగా సొంత రాజ్యమే ఏర్పాటు చేసుకున్నాడు. సింధియా సేన అతన్ని ఓడించి హాన్సీని తీసుకుంది. అదే హాన్సీ కొన్నేళ్ళ తరువాత స్కిన్నర్‌కు సొంతూరు అవుతుందని అప్పుడెవరికీ తెలియదు.

1803లో కంపెనీకీ సింధియాకూ యుద్ధం మొదలైంది. సింధియా కొలువులో ఉన్న బ్రిటిష్ సంతతివాళ్ళంతా బయటికి రావాలని కంపెనీ ప్రకటించింది. పెరాన్‌కు వాళ్ళ మీద నమ్మకం పోయింది. స్కిన్నర్ వెళ్ళిపోనన్నా వినకుండా కొలువు నుంచి తీసేశాడు. ఎనిమిదేళ్ళు ప్రాణం ఒడ్డి పనిచేసిన చోట, తండ్రి రక్తం వల్ల అనుమానం. అంతకు ముందు కంపెనీలో, తల్లి రక్తం వల్ల నిరాకరణ. తన పుట్టుక రెండు వైపులా పదునున్న కత్తిలా తననే కోస్తోందని ఆయన బాధపడ్డాడు.

తప్పనిసరి పరిస్థితిలో కంపెనీ సేనాపతి లేక్ దగ్గరికి వెళ్ళాడు. లేక్ ఆదరించాడు. స్కిన్నర్ ఒక షరతు పెట్టాడు. తన పాత యజమాని సింధియా మీదికి తనను యుద్ధానికి పంపకూడదు. ఉప్పు తిన్న ఇంటి మీద కత్తి ఎత్తనన్నమాట. లేక్ ఒప్పుకున్నాడు.

సెప్టెంబరులో ఢిల్లీ దగ్గర జరిగిన యుద్ధంలో సింధియా సేన ఓడింది. పెరాన్ కింద పనిచేసిన రెండు వేల మంది గుర్రపు సిపాయిలు కంపెనీ వైపు వచ్చారు. నాయకుడిగా ఎవరు కావాలని అడిగితే వాళ్ళంతా సికందర్ సాహెబ్ పేరే చెప్పారు. పై నుంచి వేసిన నాయకుడు కాదు, కింది వాళ్ళు కోరుకున్న నాయకుడు. స్కిన్నర్స్ హార్స్ అనే రిసాలా అలా పుట్టింది.

పసుపు అంగీలు

ఈ రిసాలా ఎలా నడిచేదో కొంచెం వివరంగా చెప్పాలి. అది సిలేదారీ పద్ధతి. ఇందులో సర్కారు గుర్రం ఇవ్వదు, కత్తి ఇవ్వదు, బట్టలివ్వదు. సిపాయి తన గుర్రం, తన ఆయుధాలతో వచ్చి కొలువులో చేరాలి. అందుకు తగ్గట్టు జీతం ఎక్కువ. గుర్రం యుద్ధంలో పోతే అతని ఆస్తి పోయినట్టే. సొంత గుర్రం కొనలేనివాడు ఇంకొకరి గుర్రం మీద పనిచేసేవాడు. అతన్ని బార్గీరు అనేవారు. ఒక పెద్ద సిలేదారు కింద నలుగురైదుగురు బార్గీర్లు ఉండవచ్చు. వాళ్ళంతా తరచు ఒకే ఊరివాళ్ళు, ఒకే బంధువర్గం వాళ్ళు.

ఈ పద్ధతిలో రిసాలా అంటే కొన్ని ఊళ్ళు కలిసి పెట్టిన ఉమ్మడి పెట్టుబడి లాంటిది. నాయకుడి మీద నమ్మకం లేకపోతే ఎవడూ తన గుర్రాన్ని తీసుకురాడు. స్కిన్నర్ బలం అదే. సిపాయిల భాషలో మాట్లాడేవాడు, వాళ్ళ తగాదాలు తీర్చేవాడు, వాళ్ళ పెళ్ళిళ్ళూ చావులూ తనవిగా చూసేవాడు.

పసుపు రంగు అంగీలు వాళ్ళ గుర్తు. యుద్ధంలో గెలవడమో చావడమో తప్ప వెనక్కి తిరగనని తీర్మానించుకున్న రాజపుత్రుడు కాషాయం కట్టేవాడని చెబుతారు. ఆ రంగు అక్కడి నుంచే వచ్చిందని రిసాలాలో చెప్పుకునేవారు. దూకే గుర్రం మీది నుంచి భూమిలో పాతిన మేకును ఈటెతో పెకలించడం, దౌడు మీద గురిచూసి కాల్చడం వీళ్ళ రోజువారీ సాధన. ధైర్యం చూపిన మగవాడికి దేవుడు తోడుంటాడనే అర్థం వచ్చే పారసీక వాక్యం ఇప్పటికీ ఆ రెజిమెంటు నినాదం.

1804, 1805లో ఈ రిసాలా హోల్కర్ సేననూ, అమీర్ ఖాన్ సేననూ ఉత్తరాది అంతా తరిమింది. అయితే 1806లో సంధి కుదరగానే కంపెనీకి ఖర్చు గుర్తొచ్చింది. గవర్నర్ జనరల్ బార్లో ఆజ్ఞతో రిసాలాను రద్దు చేశారు. ఇస్తామన్న జాగీరు విషయంలో కూడా మెలిక పెట్టారు. కొలువు అడిగినప్పుడు భారతీయురాలి కొడుకు, భూమి అడిగినప్పుడు బ్రిటిష్ ప్రజ, కాబట్టి ఇక్కడ జాగీరుకు అర్హుడు కాడు. ఎటు చూసినా నష్టం ఆయనకే వచ్చేలా నిబంధన తిరిగింది.

అవసరం మళ్ళీ వచ్చినప్పుడు రిసాలాను మళ్ళీ పిలిచారు. 1809 నుంచి హర్యానా ప్రాంతాన్ని అదుపులోకి తెచ్చే పని స్కిన్నర్‌కు అప్పగించారు. హాన్సీ ఆయనకు స్థావరమైంది, తరువాత ఇల్లైంది. 1814 నాటికి రిసాలా మూడు వేల గుర్రాలకు పెరిగింది. ఆ తరువాతి కాలంలో బులంద్‌షహర్ దగ్గరి బిలాస్‌పూర్‌లో కూడా ఆయనకు భూములు వచ్చాయి.

గుంటూరు నుంచి మొదలైన యుద్ధం

ఇక మన గడ్డకు సంబంధించిన అధ్యాయం. మన అమ్మమ్మల కాలం దాకా తెలుగు పల్లెల్లో పిండారీలు అన్న మాటకు భయం పోలేదు. జీతం లేకుండా దోపిడి మీదే బతికే గుర్రపు మూకలు అవి. మాళవ దేశంలో నర్మద ఒడ్డున మకాం. పంటలు ఇంటికొచ్చే కాలంలో వందల మైళ్ళు దౌడు తీసి దోచుకుని, సైన్యం కదిలేలోగా మాయమయ్యేవాళ్ళు.

1816 మార్చిలో వాళ్ళు కృష్ణా తీరం మీద పడ్డారు. గుంటూరు పట్టణాన్ని దోచుకున్నారు. అక్కడి నుంచి కడప వైపు సాగారు. కంపెనీ ఏలుబడిలోని ప్రాంతంలో వాళ్ళు ఉన్నది పదకొండున్నర రోజులే. ఆ కొద్ది రోజుల్లో 339 ఊళ్ళు దోపిడికి గురయ్యాయి. 182 మంది చనిపోయారు. 505 మంది గాయపడ్డారు. దాచిన సొమ్ము చూపమని చిత్రహింసలు పడినవాళ్ళు 3,603 మంది. ఇవి ఆ తరువాత కంపెనీ విచారణలో తేల్చిన లెక్కలు. మరుసటి చలికాలంలో ఇంకో మూక గంజాం మీద పడింది. బరంపురం, పర్లాకిమిడి వైపున్న మన పాఠకుల పూర్వీకులు చూసిన దాడి అది.

ఆ సంఘటనల తరువాత గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ లక్షకు పైగా సైన్యాన్ని పోగుచేసి, 1817 చివర్లో ఉత్తరం నుంచీ దక్షిణం నుంచీ మాళవాన్ని చుట్టుముట్టాడు. పిండారీని పట్టాలంటే కాలిబంట్లు చాలరు, వాళ్ళలాగే దౌడు తీసే గుర్రాలు కావాలి. అందుకే స్కిన్నర్ పసుపు అంగీల దళాలు ఆ యుద్ధంలో ముందుండాల్సి వచ్చింది. ఏడాది తిరిగేసరికి పిండారీల వెన్ను విరిగింది. కరీం ఖాన్ లొంగిపోతే గోరఖ్‌పూర్ వైపు భూమి ఇచ్చి కూర్చోబెట్టారు. చీతూ అడవుల్లో తిరుగుతూ పులి నోటపడి చచ్చాడు.

అయితే ఆ యుద్ధం పిండారీలతోనే ఆగలేదు. అదే ఊపులో పేష్వా రాజ్యం పోయింది, నాగపూర్, హోల్కర్ రాజ్యాలు కంపెనీ చెప్పుచేతల్లోకి వెళ్ళాయి. మన పల్లెలకు దొంగల బెడద తీరింది, దేశానికి యజమాని మారాడు. ఈ రెండూ ఒకే యుద్ధం ఫలితాలు. ఒకటి చెప్పి ఇంకొకటి దాచడం న్యాయం కాదు.

ఆలస్యంగా వచ్చిన గౌరవం

1826 జనవరిలో భరత్‌పూర్ కోట పడింది. ఇరవై ఏళ్ళ కిందట లేక్‌ను నాలుగుసార్లు వెనక్కి కొట్టిన కోట అది. ఈసారి ముట్టడిలో స్కిన్నర్ రిసాలా కూడా ఉంది. ఆ తరువాతే ఆయనకు బ్రిటిష్ రాజు పేరు మీద లెఫ్టినెంట్ కర్నల్ హోదా, బాత్ బిరుదు వచ్చాయి. అప్పటికి వయసు యాభైకి దగ్గరపడింది. పదిహేడేళ్ళప్పుడు మూసుకున్న తలుపు తెరుచుకోవడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. అప్పుడు కూడా అది ఆయన ఒక్కడికే తెరుచుకుంది. ఆయనలా పుట్టిన మిగతా పిల్లలకు ఆ నిబంధనలు అలాగే ఉన్నాయి.

హాన్సీలో ఆయన జీవితం నవాబుల పద్ధతిలో సాగింది. ఇంట్లో పలువురు భార్యలు ఉండేవారు. వాళ్ళ సంఖ్య పధ్నాలుగు అని ఢిల్లీలో చెప్పుకునేవారు. ఇంట్లో హిందువులూ ముస్లింలూ క్రైస్తవులూ ఉన్నారు. ఆయన క్రైస్తవుడే, అయినా మసీదు కూడా కట్టించాడు. ఆయన దర్బారును 1827లో గులాం అలీ ఖాన్ అనే ఢిల్లీ చిత్రకారుడు బొమ్మ గీశాడు. సిపాయిలూ అధికారులూ ఒకే తివాచీ చుట్టూ కూర్చుని ఉంటారు అందులో.

ఆయన రాసుకున్నది ఇంగ్లీషులో కాదు, పారసీకంలో. 1825లో తష్రీహుల్ అక్వామ్ అనే గ్రంథం పూర్తి చేశాడు. ఉత్తర భారతంలోని కులాలు, వృత్తులు, సాధువుల తెగల గురించి బొమ్మలతో సహా వివరించే పుస్తకం. సంస్థానాల రాజవంశాల మీద తజ్కిరతుల్ ఉమరా అనే ఇంకో గ్రంథం కూడా రాశాడు. ఏ కులంలోనూ పూర్తిగా ఇమడని మనిషి దేశంలోని కులాలన్నిటి మీదా గ్రంథం రాయడం మాకు విశేషంగా తోచింది. బయట నిలబడ్డవాడికే ఇంటి ఆకారం మొత్తంగా కనిపిస్తుంది.

మొక్కు తీరిన రోజు

ఉనియారా మైదానంలో మొక్కిన మొక్కును ఆయన మరచిపోలేదు. ఢిల్లీలో కశ్మీరీ గేటు దగ్గర సొంత ఖర్చుతో సెయింట్ జేమ్స్ చర్చి కట్టించాడు. ముప్పై ఆరేళ్ళ తరువాత, 1836 నవంబరు 21న అది ప్రార్థనలకు తెరుచుకుంది. పెద్ద గుమ్మటం, నాలుగు వైపులా సమానంగా ఉండే కట్టడం. ఆవరణలోనే ఆయన ప్రాణస్నేహితుడు విలియం ఫ్రేజర్ సమాధి ఉంది. ఫ్రేజర్ ఢిల్లీలో కంపెనీ అధికారి, రిసాలాలో ఆయన సహచరుడు. 1835లో హత్యకు గురయ్యాడు.

1841 డిసెంబరు 4న స్కిన్నర్ హాన్సీలో కన్నుమూశాడు. అక్కడే సైనిక మర్యాదలతో ఖననం చేశారు. కొన్ని వారాల తరువాత, 1842 జనవరిలో, ఆ పేటికను పైకి తీసి ఊరేగింపుగా ఢిల్లీకి తెచ్చారు. దారి పొడవునా రిసాలా వెంట నడిచింది. తాను కట్టించిన చర్చిలోనే ఆయన్ను పూడ్చారు. ఢిల్లీ పాదుషాల ఊరేగింపులకు కూడా రానంత జనం వచ్చారని అప్పటివాళ్ళు చెప్పుకున్నారు.

రిసాలా మాత్రం పోలేదు. స్వతంత్ర భారత సైన్యంలో ఫస్ట్ హార్స్, స్కిన్నర్స్ హార్స్ అనే పేరుతో ఇప్పటికీ ఉంది. గుర్రాల చోట ట్యాంకులు వచ్చాయి. పసుపు రంగు గుర్తుగా మిగిలింది.

మనం ఏం తీసుకోవాలి

ఈ కథను వీరగాథగా మాత్రమే చెప్పడం మాకు ఇష్టం లేదు. స్కిన్నర్ కత్తి చివరికి కంపెనీ రాజ్యాన్ని విస్తరించడానికే పనికొచ్చింది. ఆయన రిసాలా తరిమినవాళ్ళు కూడా ఈ దేశం బిడ్డలే. ఆయన్ను కాదన్న సంస్థకే ఆయన బలమయ్యాడు. దాన్ని లొంగుబాటు అనవచ్చు, బతుకుతెరువు అనవచ్చు. మేము రెండూ నిజమే అనుకుంటున్నాం.

మన విషయానికి వద్దాం. తమిళనాడులో, కర్ణాటకలో మన పూర్వీకుల్లో చాలామంది విజయనగరం సేనలతోనూ నాయక రాజుల సేనలతోనూ వెళ్ళినవాళ్ళే. వాళ్ళలో గుర్రం ఎక్కి వెళ్ళిన రౌతులున్నారు. వందల ఏళ్ళు గడిచాయి. అయినా ఉన్న రాష్ట్రంలో మీ సొంతూరు ఏదని అడుగుతారు. ఆంధ్రకో తెలంగాణకో పెళ్ళికి వెళితే మన యాస విని మీరు తెలుగువాళ్ళేనా అని అడుగుతారు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంకో భాష, కాగితాల మీద పేరు మూడో తీరు. స్కిన్నర్ సికందర్ అయినట్టే మన ఇంటిపేర్లు కూడా ఊరు మారినప్పుడల్లా ఒక అక్షరం పోగొట్టుకుని ఇంకో అక్షరం చేర్చుకున్నాయి.

సికందర్ సాహెబ్ ఈ ప్రశ్నకు మాటలతో జవాబు చెప్పలేదు. తల్లి గురించి దాచలేదు, తండ్రి పేరు వదల్లేదు. అన్నం పెట్టిన సింధియా మీద కత్తి ఎత్తలేదు. నీళ్ళిచ్చిన స్త్రీని తల్లి అన్నాడు. మొక్కిన మొక్కు తీర్చాడు. తన జీవితాన్ని తనే కాగితం మీద పెట్టి వెళ్ళాడు. ఆ చివరి పని చేయకపోతే అచ్చాఫీసు గోడ దూకిన కుర్రవాడూ, గంప పట్టుకుని వచ్చిన ఆ స్త్రీ కూడా ఈ రోజు మనకు తెలిసేవాళ్ళు కారు.

మన ఇళ్ళలో ఇంకా పాత సంగతులు తెలిసిన పెద్దవాళ్ళున్నారు. ఎక్కడి నుంచి వచ్చాం, ఎవరి సేన వెంట వచ్చాం, ఏ ఊళ్ళో మొదట దిగాం, ఎవరు నీళ్ళిచ్చారు అన్నవి వాళ్ళకే గుర్తు. పండగకు అందరూ కలిసినప్పుడు ఒక నోటుపుస్తకం దగ్గర పెట్టుకుని వాళ్ళను అడగండి. ఏ భాష లిపిలో రాసినా ఫరవాలేదు. సికందర్ సాహెబ్ తన కథ పారసీకంలో రాశాడు, అయినా అది మన దాకా వచ్చింది.